సెమినార్ పెడుతున్నారా? ముందు లాడ్జి గదులు చూసి రండి

ఒడిశాలో ఉన్న మా బరంపురంలో సైన్స్ సెమినార్ అనగానే కమిటీ మొదట తేల్చేది మూడు విషయాలు: చీఫ్ గెస్ట్ ఎవరు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజు, రెండో రోజు భోజనంలో చేపా చికెనా. ఇరవై ఆరేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను, పదకొండు సెమినార్ల కమిటీల్లో పనిచేశాను. మొదటి ఏడింటిలో నాదీ అదే వరస. వచ్చినవాళ్ళు భయం లేకుండా ఉండగలిగారా, మర్యాద దక్కి తిరిగి వెళ్ళారా అన్నది లెక్కలోకే రాలేదు. ఎనిమిదో దాని నుంచి వచ్చింది. కారణం ఒక ఖాళీ పోస్టర్ బోర్డు.

ఆ సంవత్సరం గుణుపురం అవతల నుంచి ఒక సవర గిరిజన అమ్మాయి వచ్చింది. ఎంఎస్సీ రెండో సంవత్సరం. వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచి, ప్రింటుకి డబ్బులు చాలక తెల్ల చార్టు మీద స్కెచ్ పెన్నులతో గ్రాఫులు గీసుకొచ్చింది. మొదటి రోజు సాయంత్రం అందర్నీ బస్సులో గోపాలపూర్ బీచ్‌కి తీసుకెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఒక పెద్ద ప్రొఫెసర్ ఆమె పక్క సీట్లో కూర్చున్నారు. రాత్రి పదింటికి ఆ పిల్ల నా గది తలుపు కొట్టింది. భుజం మీద చెయ్యి వేశారనీ, దారంతా తీయలేదనీ, రూమ్ నంబరు అడిగారనీ చెప్పింది. నేనన్న మాట ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు: "పెద్దాయన, ఏదో ఆప్యాయంగా వేసుంటారు. రేపొక్క రోజే కదా, సర్దుకో తల్లీ." పొద్దున పోస్టర్ల హాల్లోకి వెళ్తే పద్నాలుగో బోర్డుకి నాలుగు గుండుసూదులు, ఒక మూల చిరిగిన చార్టు ముక్క మిగిలాయి. తెల్లవారుజాము బండికే వెళ్ళిపోయింది.

ఈ కింద రాసినవన్నీ ఆ "సర్దుకో" అనే మాట ఎవరితోనూ అనాల్సిన పని పడకుండా నేను ఒక్కొక్కటిగా పోగేసుకున్న ఏర్పాట్లు. వంద, నూటయాభై మంది వచ్చే మనలాంటి సెమినార్లకి సరిపోతాయి. చాలామటుకు ఖర్చు లేనివే.

తేదీ, టైము

మార్గశిర గురువారాల్లో ఇక్కడి ఒడియా ఇళ్ళల్లో ఆడవాళ్ళు లక్ష్మీపూజ చేసుకుంటారు. ఆ రోజు సెమినార్ పెట్టి, "లేడీ లెక్చరర్లకి రీసెర్చ్ మీద ఇంట్రెస్ట్ లేదండీ" అని మనమే అంటాం. జూన్ మధ్యలో ఒడియావాళ్ళ రజ పండగ, రంజాన్ నెల, పక్క యూనివర్సిటీ పరీక్షలు, అన్నీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాకే తేదీ వేయండి. అక్టోబరు జోలికి పోకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర. సేఫ్టీ అంటే అది కూడా.

చివరి సెషన్ ఐదింటికి అయిపోవాలి. ప్రారంభోత్సవం గంటన్నర సాగితే ఆ దెబ్బ ఎప్పుడూ చివర్లో మాట్లాడాల్సిన రీసెర్చ్ స్కాలర్ల మీదే పడుతుంది. ఖాళీ కుర్చీలకి పేపరు చదివి, చీకటి పడ్డాక బస్టాండుకి పరుగెత్తేది వాళ్ళే. కోత పెట్టాల్సి వస్తే స్వాగతోపన్యాసానికి పెట్టండి.

లాడ్జి

కమిటీలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కలిసి వెళ్ళి గదులు చూడాలి. ఫోన్‌లో బుక్ చేసి ఊరుకోవద్దు. లోపలి గడియ నిజంగా పడుతుందా, బాత్‌రూమ్ కిటికీకి రెక్క ఉందా, వరండాలో లైట్లు వెలుగుతాయా, రాత్రి పన్నెండు తర్వాత కౌంటర్లో ఎవరుంటారు, డూప్లికేట్ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? ఒకసారి నేను చూసిన ఆరు గదుల్లో రెండింటికి గడియ బోల్టు ఫ్రేములోకి చేరనే లేదు. లాడ్జి ఆయన "ఎవరొస్తారమ్మా ఇక్కడికి" అన్నాడు. వడ్రంగిని పిలిపించాకే అడ్వాన్స్ ఇచ్చాం.

ఎవరు ఏ గదిలో ఉన్నారో లిస్టు అంటించడం మన దగ్గర పెద్ద అలవాటు. మానేయండి. ఎవరి గది నంబరు వాళ్ళకే చెప్పాలి. కౌంటర్ వాళ్ళకీ ఒక మాట చెప్పి ఉంచండి, గది నంబరు అడిగినవాళ్ళకి ఇవ్వొద్దు, కావాలంటే కిందికి పిలిపించమని. ముక్కూమొహం తెలియని ఇద్దర్ని ఒకే గదిలో వేసేముందు ఇద్దర్నీ అడగండి. గైడునీ స్టూడెంటునీ, వాళ్ళిద్దరూ ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా సరే, ఒకే గదిలో వేయకండి. "రూముకి రా, పేపరు చూస్తాను" అనేదానికి మా దగ్గర ఇప్పుడు ఒకటే జవాబు: పేపర్లు చూడ్డానికి కింద హాల్లో రెండు టేబుళ్ళు వేశాం సార్.

వాట్సాప్ గ్రూపు కూడా లాడ్జి లాంటిదే. వందమంది నంబర్లు వందమందికీ కనబడతాయి. మూడేళ్ళ కిందట సెమినార్ అయిపోయిన నెలకి కూడా ఒక స్కాలర్‌కి "గుడ్ మార్నింగ్ డియర్" లు వస్తూనే ఉన్నాయి. నంబర్లు ఒకరివి ఒకరికి కనబడని పద్ధతిలోనే కబుర్లు పంపండి, అబ్‌స్ట్రాక్ట్ పుస్తకంలో ఫోన్ నంబర్లు అచ్చు వేయకండి.

ఫారంలో ఏం అడగాలి

తండ్రి పేరు, భర్త పేరు అక్కర్లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మెట్లు ఎక్కడం కష్టమా, వినికిడి ఇబ్బంది ఉందా, చంటిపిల్లతో వస్తున్నారా, ఏం తినరు, ఫొటో తీస్తే అభ్యంతరమా. లింగం గడి గదుల కోసమే కాబట్టి "స్త్రీ, పురుష, ట్రాన్స్‌జెండర్, చెప్పదలచుకోలేదు" అని నాలుగూ పెట్టి, ఎందుకు అడుగుతున్నామో పక్కన ఒక ముక్క రాయండి. అడిగాక ఏర్పాటు చేయకపోతే అది అడగకపోవడం కంటే అవమానం. చంటిపిల్ల అని రాసినావిడకి స్టాఫ్‌రూమ్‌లో ఒక గది, ఫ్యాను, గడియ, ఒక చాప ఇస్తే చాలు.

ఇక టీఏ, అంటే ప్రయాణ ఖర్చులు. "బిల్లులు పంపండి, తర్వాత వేస్తాం" అంటే జీతం ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. కోరాపుట్ నుంచి అప్పు చేసి వచ్చిన పిల్లకి అది మూడు నెలల టెన్షన్. స్టూడెంట్లకి చార్జీలు రెండో రోజు మధ్యాహ్నం చేతిలో పెట్టేయండి. నన్నడిగితే, అందర్నీ కలుపుకుపోవాలంటే ఇంతకంటే పెద్ద పని లేదు.

గేటు దగ్గర నుంచే

పట్టుచీరలు కట్టించి పదిమంది అమ్మాయిల్ని గేటు దగ్గర పన్నీరు బుడ్లతో, బొట్టు పళ్ళేలతో రెండు గంటలు నిలబెడతాం. చీఫ్ గెస్ట్ కారు లేటు. లోపల మొదటి లెక్చర్ మొదలైపోతుంది. ఆ అమ్మాయిలు కెమిస్ట్రీ స్టూడెంట్లు, సెమినార్ వాళ్ళ కోసమే. స్వాగతం పలకాలంటే ఆడా మగా ఇద్దరిద్దరు, అరగంట చొప్పున. టీ కప్పులు, బొకేలు కూడా అంతే. స్టేజీ మీద పరిచయం చేసేటప్పుడు ఆయన "డాక్టర్", ఆవిడ "శ్రీమతి" అయితే సరిదిద్దండి. ఇద్దరూ పీహెచ్‌డీలే.

మన తెలుగువాళ్ళకి ఒక జబ్బుంది. భోజనాల దగ్గర కుర్రాడు పేరు చెప్పగానే "ఇంటిపేరేంటి బాబూ? మీరేమిట్లు?" అంటాం. కులం తెలిశాక మాట తీరు ఎంత మారుతుందో, మారిందని ఆ కుర్రాడికి ఎంత త్వరగా తెలుస్తుందో నేను పక్కనుండి చూశాను. ఈ ప్రశ్న వేయొద్దని వాలంటీర్లకే కాదు, సీనియర్లకీ ముందురోజే చెప్పండి. కులం పేరుతో చిన్నచూపు చూస్తే ఫిర్యాదు తీసుకునే ఆఫీసర్ ప్రతి కాలేజీలో ఉండాలని 2012 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లోనే ఉంది. ఆ పేరు మీ కాలేజీలో ఎవరిదో కనుక్కుని రాసి పెట్టుకోండి.

భాష సంగతి ఇంకోటి. మేం నలుగురం తెలుగువాళ్ళం చేరితే కమిటీ మీటింగ్ తెలుగులోకి జారిపోతుంది. నేను నానీ అని పిలిచే మా ఒడియా కలీగ్ ఒకరోజు నవ్వుతూనే అంది, "మీరు ముగ్గురు నవ్వారు, నేను సంతకం పెట్టాను." నానీ అంటే మా గంజాం వైపు ఒడియాలో అక్క. అప్పట్నుంచి ఆవిడ ఉంటే వచ్చీరాని ఒడియా అయినా అందులోనే. ఒడియావాళ్ళే ఎక్కువున్న సెమినార్లలో తెలుగు పిల్లలూ ఇలాగే బిత్తరచూపులు చూస్తుంటారు, అది వేరే కథ. వాలంటీర్ బ్యాడ్జీ మీద ఏ ఏ భాషలు వచ్చో రాయించండి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి బళ్ళు పెట్టింది పక్కనున్న పర్లాకిమిడిలోనే. మన బ్యాడ్జీల మీద సవర అని రాయడానికి మేం పదో సెమినార్ దాకా ఆగాం.

హాలు, బాత్‌రూమ్

చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే మా రెండున్నర అడుగుల స్టేజీకి ముప్ఫై అడుగుల ర్యాంపు. అంత చోటు లేదు. ప్లైవుడ్ చెక్క ఏటవాలుగా పెట్టి నలుగురు తోయడం ర్యాంపు కాదు, అందులో మర్యాదా లేదు. మేం చేసిందేంటంటే స్టేజీనే ఖాళీ చేశాం. చీఫ్ గెస్ట్‌తో సహా అందరూ కిందనుంచే మాట్లాడారు.

"నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనే సార్ ప్రతి సెమినార్లో ఒకరుంటారు. అక్కర ఆయనకి కాదు, వినేవాళ్ళకి. ప్రశ్న కూడా మైకులోనే. గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ గీతలు పక్కపక్కన వేస్తే రంగులు తేడా తెలియనివాళ్ళకి రెండూ ఒకటే, ఒకదాన్ని చుక్కల గీతగా వేయమని స్పీకర్లకి ముందే మెయిల్ పెట్టండి.

రజ పండగకి భూమి బయట చేరిందని మూడు రోజులు నాగలి ముట్టరు ఇక్కడ. అదే ఊళ్ళో సెమినార్‌కి వచ్చిన ఆడపిల్లకి బాత్‌రూమ్‌లో మూత ఉన్న డస్ట్‌బిన్ ఉండదు. డస్ట్‌బిన్, మగ్గు, గడియ, లైటు, రెండు ప్యాకెట్ల ప్యాడ్లు. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరి పేరు డ్యూటీ చార్టులో ఉండాలి.

ప్రశ్నలు

2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో 10 దేశాల్లో 247 సెమినార్లు కూర్చుని గమనించారు. హాల్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారో ఆ లెక్కన చూసినా ప్రశ్నలడిగింది తక్కువే. మొదటి ప్రశ్న మగవాళ్ళు వేసిన చోట ఇంకా తగ్గింది. అందుకని మా చైర్‌పర్సన్లకి ఒకటే సూచన: మొదటి మైకు స్టూడెంట్లకి, వీలైతే అమ్మాయికి. చెయ్యెత్తడానికి అర నిమిషం ఆగండి. మన పిల్లలు వాక్యం ఇంగ్లీషులో కూర్చుకునే లోపల సార్లు లేచిపోతారు.

చైర్‌లో కూర్చునేవాళ్ళకి చెప్పాల్సిన మాటలు ముందే నోటికి వచ్చి ఉండాలి, అక్కడికక్కడ దొరకవు. ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలెడితే, "సార్, ప్రశ్న ఒక్క ముక్కలో చెప్పండి, మిగతాది టీ దగ్గర." పేపరు వదిలేసి మనిషి మీదకొస్తే, "అడవికి ఒంటరిగా ఎలా వెళ్ళావమ్మా, ఇంట్లో పంపారా" లాంటిది, "అది పేపర్లో లేదండీ, తర్వాతి ప్రశ్న." గొంతు పెంచక్కర్లేదు.

స్పీకర్ల లిస్టులో అందరూ మగవాళ్ళే అయితే "ఆడవాళ్ళు దొరకలేదు" అనకండి. దేశంలో సైన్స్ సదస్సుల్లో మహిళా వక్తలు ఎంతమందో లెక్కపెట్టడానికే 2020లో బయస్‌వాచ్ఇండియా అనే బృందం పుట్టింది. ఫిజిక్స్ వాళ్ళు 2019లో హైదరాబాద్ యూనివర్సిటీలో సదస్సు పెట్టుకుని, ఫిజిక్స్‌లో ఆడా మగా సమానత్వం కోసం హైదరాబాద్ చార్టర్ అనే పత్రం రాసుకున్నారు. మనకి విశాఖ, భువనేశ్వర్ రెండూ రైలు దూరమే.

బీచ్ బస్సు

టూరు మానేయమనను, పిల్లలు దానికోసమే వస్తారు. ఆడవాళ్ళు ముందు సీట్లలో అని కూడా అనను, అదేదో తప్పు వాళ్ళదైనట్టుంటుంది. లోపలి లైటు ఆర్పొద్దు, ఒక కమిటీ మనిషి వెనక సీట్లో కూర్చోవాలి, సీటు మారతానంటే ఎందుకని అడగొద్దు. సెమినార్ పేరు మీద మందు ఉండే పార్టీ ఏదీ ఉండదు. ఎవరి ఖర్చుతో వాళ్ళు తాగేది మన పరిధి కాదు గానీ, స్టూడెంట్లని అక్కడికి పిలిస్తే అది మన పరిధిలోకి వస్తుంది.

ఎవరైనా వచ్చి చెబితే

నేను తప్పింది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా రాస్తాను.

మొదట కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి. వరండాలో వద్దు, తలుపు వేసిన గదిలోనూ వద్దు, తలుపు ఓరగా ఉండి మాట బయటికి వినబడని చోట. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. ఆ తర్వాత వినండి. "నువ్వేం వేసుకున్నావు", "అప్పుడే ఎందుకు చెప్పలేదు", "ఆయన అలాంటివాడు కాదే", ఈ మూడూ నోట్లోనే ఆపుకోండి. మూడోది నాకు ఇప్పటికీ నాలిక చివరిదాకా వస్తుంది. మనకి ఆ సార్ ఇరవై ఏళ్ళుగా తెలుసు మరి. ఆ పిల్లకి తెలిసింది ఆ బస్సు ప్రయాణమే.

వాళ్ళు ఒప్పుకుంటే కాగితం మీద రాయండి. ఎక్కడ, ఎన్నింటికి, ఏమన్నారు, వాళ్ళు వాడిన మాటల్లోనే, వాళ్ళు చెప్పిన భాషలోనే. మీ అభిప్రాయం ఒక్క ముక్క వద్దు. తర్వాత అడగాల్సింది ఒకటే: "ఇప్పుడు నీకేం కావాలి?" గది మారాలా, ఆయన ఉన్న సెషన్లో కాకుండా వేరే దాంట్లో పోస్టర్ పెట్టుకోవాలా, ఇంటికి వెళ్ళాలా. మారాల్సింది వీలైనంతవరకు ఆయన చోటే. పోస్టర్ హాలుకి ఆయన్ని జడ్జిగా వేసి ఉంటే ఆ రాత్రే పేరు తీసేయండి, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళే. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు కమిటీ పొడిగించొచ్చు. రాయలేనివాళ్ళకి రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యత. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు చేసినావిడ పేరు బయటపెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు, స్టాఫ్‌రూమ్ టీ దగ్గర కూడా అనకండి. రాజీ అన్నది ఆవిడ కోరితేనే, అదీ డబ్బుతో కాదు. మనం ఇద్దర్నీ కూర్చోబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అనడానికి వీల్లేదు. లైంగిక వేధింపుల మీద 2015 యూజీసీ నిబంధనలు స్టూడెంట్లకీ వర్తిస్తాయి, బయటి నుంచి వచ్చిన గెస్టు వేధించినా వర్తిస్తాయి. అబ్బాయిలూ, ట్రాన్స్‌జెండర్ స్టూడెంట్లూ వేధింపులకి గురవుతారని వాటిలో రాసే ఉంది. కాబట్టి అబ్బాయి వచ్చి చెబితే నవ్వకండి.

మన కాలేజీల్లో చాలామంది మరిచేది ఒకటుంది. వాలంటీర్లుగా వచ్చే ప్లస్ టూ పిల్లలకి పద్దెనిమిది నిండవు. వాళ్ళ మీద లైంగికంగా ఏం జరిగినా అది పిల్లల రక్షణ కోసం పెట్టిన 2012 పోక్సో చట్టం కిందికి వస్తుంది, తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. కాలేజీ పరువు అనే మాటకి అక్కడ చోటు లేదు. పెద్దవాళ్ళ విషయంలో పోలీసు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. వెళ్తానంటే తోడు వెళ్ళండి. తక్షణం ప్రమాదం ఉంటే 112, మహిళలకి 181.

ఒక పేజీ

పెద్ద పెద్ద ఆంగ్ల పత్రాలు దించుకుని వెబ్‌సైట్‌లో పెడితే ఎవరూ చదవరు. ఒక పేజీ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, పెద్దక్షరాలు. ఏం చేయకూడదో నాలుగు వాక్యాలు, "అనుచిత ప్రవర్తన" అని కాకుండా విడమర్చి: అడగకుండా తాకడం, గదికి రమ్మనడం, వద్దన్నాక మెసేజ్‌లు పెట్టడం, కులం, భాష, రంగు, ఒళ్ళు మీద జోకులు. చేస్తే ఏమవుతుందో ఒక వాక్యం: సెమినార్ నుంచి పంపించేస్తాం, సర్టిఫికెట్ ఇవ్వం, వాళ్ళ సంస్థకి రాస్తాం. చీఫ్ గెస్ట్‌కి ఆహ్వానంతో పాటే పంపండి, తర్వాత "నాకెవరూ చెప్పలేదు" అనకుండా. బాత్‌రూమ్ తలుపు లోపలివైపు అంటించండి, నోటీసు బోర్డు దగ్గర నిలబడి చదివితే పదిమంది చూస్తారు.

పోయినేడు ఆ పేజీ రాశాక, పద్నాలుగో బోర్డు అమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు ఒక హైస్కూల్లో సైన్స్ టీచరు. ముందు క్షమించమన్నాను. "సరే మేడమ్" అంది, అంతకుమించి ఏమీ అనలేదు. పేజీ పంపి, చూడమన్నాను. రెండు రోజులకి వాయిస్ మెసేజ్ వచ్చింది: "మేడమ్, కింద 'కమిటీ సభ్యులకు తెలియజేయండి' అని ఉంది. ఆ రోజు మీరూ కమిటీ సభ్యులే కదా. పేరు రాయండి. మీ డిపార్ట్‌మెంట్ కానివాళ్ళది ఇంకో పేరు రాయండి. రాత్రి పదింటికి ఫోన్ ఎవరెత్తుతారో అది కూడా రాయండి."

మూడూ రాశాం. రాత్రి ఫోన్ నానీ దగ్గరుంటుంది.